కారెక్కిన కుందేలు

పున్నమినాటి చంద్రబింబంలో కుందేలును చూపించి అన్నం తినిపించని తెలుగు తల్లి ఉండదు. చంద్రునికి శశి అనీ, శశాంకుడనీ పేర్లు వచ్చినది ఆ కుందేలు మూలముగానే. సింగపూరులో పెరుగుతున్న మన పిల్లలకు ఈ కుందేలు మరొక వేషంలో కూడా పరిచయమే. ఏటా శరదృతువులో వచ్చే పున్నమికి చైనాటౌన్ వీధులలో దీపతోరణాలు వెలిగినపుడు, చంద్రునిలో కూర్చొని రోకలితో దివ్యౌషధం దంచుతున్న కుందేలు బొమ్మ వారికి కనబడుతుంది. 2013 డిసెంబరులో చైనా శాస్త్రజ్ఞులు చంద్రునిపై దింపిన సంచార వాహనానికి ఆ కుందేలు పేరే పెట్టారు: 'యూటూ'. పేరు గొప్పదే కాని, ఆ వాహనం కొద్ది వారాలకే యంత్రదోషం వచ్చి కదలలేక నిలిచిపోయింది. కుందేలుకూ ప్రయాణానికీ అంత సులువుగా పొసగదని దానిని చూసి ఎవరైనా చమత్కరిస్తే తప్పు పట్టనక్కరలేదు.

ఆకాశంలోని కుందేలు సంగతి అటుంచి, ఫ్లాటులోని కుందేలు సంగతి చూద్దాం. సింగపూరు జనాభాలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టించిన ఫ్లాట్లలో నివసిస్తున్నారు. ఈ ఫ్లాట్లలో పిల్లిని పెంచడం చాలాకాలం నిషిద్ధం. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 1న గాని తొలగలేదు. కుక్కల విషయంలో జాతిని బట్టి, పరిమాణాన్ని బట్టి ఆంక్షలున్నాయి. కుందేలుకు అటువంటి అడ్డంకి లేదు. మొరగదు, గోడలెక్కదు, పొరుగువారికి ఫిర్యాదు చేసే అవకాశం ఇవ్వదు. అందుచేత పిల్లల పోరు పడలేక తల్లిదండ్రులు చివరకు ఒప్పుకునే జంతువు చాలా ఇళ్లలో కుందేలే అవుతుంది. చైనా పంచాంగం ప్రకారం కుందేలు సంవత్సరం వచ్చినపుడు ఈ కోరిక మరికాస్త ఎక్కువవుతుంది. 1999, 2011, 2023 అటువంటి సంవత్సరాలు. ముచ్చటపడి కొని, ముచ్చట తీరగానే వదిలివేయవద్దని జంతు సంక్షేమ సంఘాలు హెచ్చరించవలసి వచ్చే సంవత్సరాలు కూడా అవే.

ఇంట్లో ఉన్నంతకాలం కుందేలుతో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా నవంబరు నెల మధ్యలో బడులకు సెలవులిచ్చి, కుటుంబమంతా హైదరాబాదుకో, విశాఖపట్నానికో బయలుదేరవలసి వచ్చినపుడు మొదలవుతుంది. మనుషులు సుమారు మూడువేల కిలోమీటర్ల దూరాన్ని నాలుగైదు గంటలలో దాటిపోతారు. వారు తిరిగి వచ్చేవరకు కుందేలును ఎవరో ఒక మిత్రుని ఇంటనో, పెంపుడు జంతువుల వసతిగృహంలోనో దింపిరావాలి. ఈ ద్వీపం తూర్పు పడమరలుగా సుమారు 50 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 27 కిలోమీటర్లు మాత్రమే గనుక ఎంత దూరమైనా గంటలోపు ప్రయాణమే. కాని మనుషుల మూడువేల కిలోమీటర్లకంటె కుందేలు ఇరవై కిలోమీటర్లు ప్రమాదకరమైనవి. కారణం దాని శరీర నిర్మాణంలో ఉన్నది, దాని స్వభావంలో ఉన్నది, ఈ ఊరి ఎండలో కూడా ఉన్నది.

ఈ ప్రయాణానికి కారు తప్ప గత్యంతరం లేదు. ఎం.ఆర్.టి. రైళ్లలోను, బస్సులలోను అంధులకు దారిచూపే శునకాలకు తప్ప మరే జంతువుకూ ప్రవేశం లేదు. ఈ విషయంలో కుందేలుకు పట్టిన గతే రైళ్లలో దురియన్ పండుకూ పట్టింది. టాక్సీలో ఎక్కించుకోవడం డ్రైవరు ఇష్టాయిష్టాల మీద ఆధారపడుతుంది. పెంపుడు జంతువులతో ప్రయాణించే వారికోసమే కార్లు పంపే సేవలు కూడా ఉన్నాయి. ఇక సొంత కారు మాటంటారా, 1990లో వాహన హక్కు పత్రాల పద్ధతి వచ్చిన నాటి నుండి ఈ నగరంలో కారు కొనడమంటే ఇల్లు కట్టి చూడడం, పెళ్లి చేసి చూడడం వంటి వ్యవహారాలలో మూడవది అయింది. కాబట్టి కుందేలు ప్రయాణం తరచుగా మిత్రుని కారులోనో, అద్దె కారులోనో, అలవాటులేని సీటు మీద, అలవాటులేని వాసనల మధ్య జరుగుతుంది.

మౌనం అంగీకారం కాదు

కుక్కను కారెక్కిస్తే మూలుగుతుంది, లేదా కిటికీలోనుండి తల బయటపెట్టి ఆనందిస్తుంది. పిల్లిని ఎక్కిస్తే వీధి చివరిదాకా వినబడేటట్లు అరుస్తుంది. కుందేలు ఏమీ అనదు. పెట్టెలో ఒక మూలకు ఒదిగి, చెవులు వీపుకు ఆనించి, కదలక మెదలక కూర్చుంటుంది. దానిని చూసి ఇంటివారు "ఎంత బుద్ధిగా కూర్చుందో!" అని సంతోషిస్తారు. మౌనం అర్ధాంగీకారమని మనలో ఒక సామెత ఉన్నది. కుందేలు విషయంలో ఆ సామెత పూర్తిగా తప్పు.

పంచతంత్రంలోని కుందేలు మాటనేర్పుతో సింహాన్ని బావిలోకి దూకించింది. నిజమైన కుందేలుకు మాటనేర్పు లేదు. నక్క, డేగ, ముంగిస మొదలైనవన్నీ దానిని తినేవే కాని, అది తినగలిగిన జంతువు ఒక్కటీ లేదు. ఇటువంటి ప్రాణికి నొప్పినిగాని భయాన్నిగాని పైకి చూపించడం ఆత్మహత్యతో సమానం. గుంపులో కుంటుతున్న దానినే వేటజంతువు ముందు ఎంచుకుంటుంది. అందుచేత లక్షల సంవత్సరాల పరిణామక్రమంలో కుందేలు రెండు విద్యలు నేర్చుకున్నది. మొదటిది పరుగు. పరుగుకు వీలులేనపుడు రెండవది, శిలవలె నిశ్చలంగా ఉండడం. కదిలే కారులో, మూసిన పెట్టెలో, దానికి మొదటి విద్య పనికిరాదు, మిగిలినది రెండవదే. బయటికి శిలవలె కనబడుతున్న ఆ శరీరంలో, విశ్రాంతిగా ఉన్నపుడే నిమిషానికి రెండువందల సార్లు కొట్టుకునే గుండె మరింత వేగంగా కొట్టుకుంటూ ఉంటుంది.

ఇదే కోవలోనిది మరొక దురభ్యాసం. కుందేలును వెల్లకిల పడుకోబెట్టి పొట్ట నిమిరితే మంత్రించినట్లు స్తబ్ధమైపోతుంది. దీనిని నిద్ర అనుకొని, ప్రయాణంలో పిల్లలు ఆ విధంగా ఒడిలో వేసుకొని జోకొట్టడం కద్దు. జంతు ప్రవర్తనా శాస్త్రజ్ఞులు పరిశీలించినపుడు అది హాయి కాదనీ, శత్రువు నోట చిక్కిన జంతువు చచ్చినట్లు పడివుండే భయస్థితి అనీ తేలింది.

ఇక్కడ ఒక చిన్న భాషాసందేహం తీర్చుకోవాలి. మన పల్లెలలో చెవులపిల్లి అనీ, కుందేలు అనీ పిలిచేది, చెలకలలోను తుప్పలలోను కనబడేది, శాస్త్రరీత్యా వేరే జాతి. అది లీపస్ నైగ్రికోలిస్. బొరియ తవ్వదు, దాని పిల్లలు వెంట్రుకలతో, తెరచిన కళ్లతో పుడతాయి, పుట్టిన కొద్దిసేపటికే కదలగలవు. ఇళ్లలో పెంచేది ఒరిక్టోలేగస్ క్యునిక్యులస్. దీని స్వస్థలం ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. ఇది బొరియజీవి, దీని పిల్లలు నగ్నంగా, కళ్లు మూసుకొని పుడతాయి. తెలుగులో రెంటికీ ఒకటే మాట కావడం వలన తాతగారి ఊరిలోని చెవులపిల్లి ఎండకు తట్టుకొన్నది గదా, దీనికేమి అన్న వాదన ఇళ్లలో వినిపిస్తూ ఉంటుంది. చెవులపిల్లి తెలుగునేల మీది ఎండలో పుట్టి పెరిగినది. ఇంటి కుందేలు పూర్వులు పగటి ఎండను నేలకింద చల్లని బొరియలో గడిపినవి. రెంటికీ పోలిక లేదు.

చెవులే చలువ యంత్రాలు

కుందేలు శరీరపు సహజ ఉష్ణోగ్రత 38.5 నుండి 40 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. అంటే మనిషికైతే జ్వరమని మంచం ఎక్కించే వేడి దానికి ఆరోగ్యం. ఈ వేడిని అదుపులో ఉంచుకొనే సాధనాలు మాత్రం దానికి బహుస్వల్పం. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్క నాలుక బయటపెట్టి వగరుస్తుంది. కుందేలుకు చెమట పట్టదు. నోటితో ఊపిరి పీల్చడం దానికి సహజం కాదు, ముక్కుతోనే పీలుస్తుంది. కనుక వగర్చి చల్లబడడం కూడా దానికి అంతగా సాధ్యం కాదు. ఒళ్లంతా దట్టమైన బొచ్చు. మిగిలినవి చెవులు. పలుచని చర్మం కింద రక్తనాళాలు వలవలె అల్లుకున్న ఆ చెవులు మోటారుకారు ముందుభాగంలోని రేడియేటరు చేసే పనే చేస్తాయి. వేడెక్కినపుడు నాళాలు ఉబ్బి రక్తాన్ని చెవులలోకి పంపుతాయి. అక్కడ గాలి తగిలి రక్తం చల్లబడి తిరిగి శరీరంలోకి వస్తుంది.

రేడియేటరు పనిచేయాలంటే బయటి గాలి లోపలి నీటికంటె చల్లగా ఉండాలి. వేడి ఎప్పుడూ ఎక్కువ నుండి తక్కువకే ప్రవహిస్తుందన్నది భౌతికశాస్త్రంలో మొదటి పాఠాలలోనిది. పదిహేను నుండి ఇరవై డిగ్రీల గాలిలో కుందేలు సుఖంగా ఉంటుంది. భూమధ్యరేఖకు ఉత్తరంగా కేవలం ఒకటిన్నర డిగ్రీ లోపు అక్షాంశంలో ఉన్న సింగపూరులో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా 31 నుండి 33 డిగ్రీల మధ్య ఊగిసలాడుతుంది. అంటే చెవికీ గాలికీ మధ్య తేడా ఏడెనిమిది డిగ్రీలే. చెవులు కష్టపడి పనిచేస్తాయి గాని, పని సాగుతుంది. అదే కుందేలును ఎండలో నిలిపిన కారులో ఉంచితే గాలి ఉష్ణోగ్రత త్వరలోనే శరీర ఉష్ణోగ్రతను మించిపోతుంది. అప్పుడు వేడి ప్రవాహం తిరగబడి, వేడిని బయటికి పంపవలసిన చెవులు వేడిని లోపలికి తెచ్చే ద్వారాలవుతాయి.

కారు ఎంత త్వరగా వేడెక్కుతుందో 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైద్యులు కొలిచి చూశారు. వారి ముఖ్యోద్దేశం కారులో మరచిపోయిన పసిపిల్లల రక్షణ. నిలిపి ఉంచిన కారులో ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ఆ పెరుగుదలలో నూటికి ఎనభై వంతులు మొదటి అరగంటలోనే జరిగిపోయింది. కిటికీ అద్దాలను కాస్త దించి ఉంచడం వలన చెప్పుకోదగిన ప్రయోజనం కనబడలేదు. సూర్యకాంతి అద్దం గుండా సులువుగా లోపలికి వచ్చి సీట్లను, ముందుపలకను వేడిచేస్తుంది. వేడెక్కిన ఆ వస్తువులు లోపలి గాలిని వేడిచేస్తాయి. వేడెక్కిన గాలి పైకిపోయి చల్లగాలి లోనికి వచ్చే దారి లేదు. ఇదంతా ఒక పెద్ద అద్దాల పెట్టె.

ఈ లెక్కను సింగపూరుకు అన్వయిస్తే సంగతి బోధపడుతుంది. బయట 32 డిగ్రీలుంటే అరగంటలో కారు లోపల యాభైకి చేరువవుతుంది. బహుళ అంతస్తుల కార్‌పార్కులో చోటు దొరకక పై డెక్కు మీద నిలిపిన కారుకు నీడ లేదు. మార్చి నెలాఖరులోను, సెప్టెంబరు మూడవ వారం ప్రాంతంలోను ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. "ఐదు నిమిషాలలో వస్తాం, ముస్తఫాలో కూరగాయలు కొని" అని వెళ్లినవారికి ఐదు నిమిషాలలో బయటపడడం ఎన్నడైనా సాధ్యమైనదా అన్నది పాఠకుల అనుభవానికే వదిలివేయవలసిన ప్రశ్న. ఒక్క నిమిషానికైనా కుందేలును కారులో ఒంటరిగా వదిలి వెళ్లరాదు.

తడిబట్ట కప్పితే చాలదా అని కొందరికి తోచవచ్చు. మన రాయలసీమలోనో, తెలంగాణలోనో అయితే కిటికీకి కట్టిన తడి వట్టివేళ్ల తడికె గదినంతా చల్లబరుస్తుంది. ఆ గాలిలో తేమ తక్కువ గనుక నీరు గబగబ ఆవిరై వేడిని తీసుకొనిపోతుంది. సింగపూరు గాలిలో సాపేక్ష ఆర్ద్రత సగటున నూటికి ఎనభై దాటి ఉంటుంది. ఇప్పటికే నీటితో నిండివున్న గాలి మరింత ఆవిరిని త్వరగా స్వీకరించదు. తడిబట్ట తడిగానే ఉండి, గాలి ఆడే సందులను మూసివేసి, మేలుకు బదులు కీడు చేస్తుంది. దానికంటె నీటిసీసాను గడ్డకట్టించి, తువ్వాలులో చుట్టి, పెట్టెలో ఒక పక్కన ఉంచడం మంచిది. కుందేలుకు వేడిగా ఉంటే దానికి ఆనుకొని కూర్చుంటుంది, చాలనుకుంటే దూరంగా జరుగుతుంది. ఆ జరిగేందుకు పెట్టెలో చోటుండాలి.

కుందేలు తల వెనక్కు వాల్చి నోరు తెరచి ఊపిరి పీలుస్తున్నా, చెవులు ఎర్రబడి కాలుతున్నా, తూలి పక్కకు పడుతున్నా అది వడదెబ్బ. చెవులను చల్లని నీటితో (మంచునీటితో కాదు) తడుపుతూ, చల్లగాలి తగిలేటట్లు చూస్తూ, దారి మళ్లించి నేరుగా పశువైద్యుని వద్దకు పోవలసినదే. బకెట్టు నీళ్లలో ముంచడం మరొక ప్రమాదం. ఆ తాకిడికే ప్రాణం పోవచ్చు.

ఆగకూడని మిల్లు

కారులో కడుపు తిప్పుతుందని పిల్లలకు ప్రయాణానికి ముందు అన్నం తగ్గించే తల్లులు, అదే న్యాయాన్ని కుందేలుకూ వర్తింపజేసి ముందురోజు రాత్రి నుండి దాని గడ్డి తీసివేస్తారు. పైన చెప్పిన ఎండ తరువాత ఇంత చేటుచేసే పని మరొకటి లేదు.

కుందేలు వాంతి చేసుకోలేదు. దాని అన్నాశయపు ముఖద్వారం అటువంటిది. లోపలికి పోయినది ముందుకే సాగాలి. ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి కుందేలు జీర్ణనాళపు బొమ్మ గుర్తుండవచ్చు: చిన్నప్రేగు, పెద్దప్రేగు కలిసేచోట పొట్టలో అధికభాగాన్ని ఆక్రమించిన అంధనాళం అనే పెద్ద సంచి. మనిషిలో అదే భాగం ముడుచుకొని చిన్నదైపోయింది. కుందేలులో అది సూక్ష్మజీవులు నిండిన పులియబెట్టే కుండ. దోసెలపిండి పులిసినట్లే అక్కడ గడ్డిలోని మెత్తని భాగం పులిసి పోషకపదార్థాలుగా మారుతుంది. ముతక పీచు గట్టి ఉండలుగా బయటికి పోతుంది. పులిసిన మెత్తని ముద్దలను కుందేలు మళ్లీ తానే నోటితో అందుకొని మింగుతుంది. చూడడానికి రోతగా తోచినా, ఇది ఆవు నెమరు వేయడానికి బదులు కుందేలు కనిపెట్టుకున్న ఉపాయం. రెండవసారి జీర్ణమైతే గాని దానికి కావలసిన విటమిన్లు, మాంసకృత్తులు పూర్తిగా అందవు.

ఈ యంత్రాన్ని తిప్పేది ముతక పీచే. పైనుండి పీచు పడుతూ ఉన్నంతసేపూ మిల్లు తిరుగుతుంది. పీచు ఆగితే ప్రేగుల కదలిక మందగిస్తుంది. భయం కూడా ఇదే పని చేస్తుంది. అడ్రినలిన్ రక్తంలోకి ఉరికినపుడు పరుగుకు అవసరమైన కండరాలకు రక్తం మళ్లి, జీర్ణకోశం పని దాదాపు నిలిచిపోతుంది. ప్రేగు ఆగితే లోపల వాయువు చేరుతుంది. వాయువు వలన నొప్పి. నొప్పి వలన తినదు. తినకపోవడం వలన ప్రేగు మరింత ఆగుతుంది. పన్నెండు గంటలపాటు కుందేలు ఏమీ తినలేదంటే, పెంటికలు వేయలేదంటే, అది రేపు చూద్దామనుకునే విషయం కాదు. ప్రయాణంలో ఏమీ జరగలేదని ఇంటివారు నిశ్చింతగా విమానం ఎక్కిన తరువాత, మరునాటికి కుందేలు చనిపోయిందని కబురు వచ్చే సందర్భాలలో తరచు జరిగినది ఇదే. ప్రయాణం గంటసేపే, దాని ఫలితం మరునాడు తెలుస్తుంది.

అందుచేత బయలుదేరే క్షణం వరకు గడ్డి ఉండాలి, పెట్టెలో గడ్డి ఉండాలి, చేరినచోట గడ్డి ఉండాలి. తిమోతీ గడ్డి అనే ఎండుగడ్డి ఇక్కడి దుకాణాలలో దొరుకుతుంది. ఇంట తింటున్నదే కావాలి. ఆ రోజున కొత్తరకం మొదలుపెట్టరాదు. గిన్నెలో నీరు కుదుపులకు ఒలికి బొచ్చును తడుపుతుంది గనుక, కడిగి నీళ్లు విదల్చని కొత్తిమీర వంటి ఆకులు కొన్ని వేస్తే కొంత నీరు అందుతుంది. కారులో పిల్లల చేతిలో జంతికలు, బిస్కట్లు, అరటిపండ్లు ఉంటాయి. ప్రేమతో పెట్టె సందులోనుండి అందించే ఆ తినుబండారాలు అంధనాళంలోని సూక్ష్మజీవుల సమతూకాన్ని చెడగొడతాయి. పిల్లలకు ఆ మాట ముందే చెప్పి ఉంచాలి. పెద్దలకూ చెప్పవలసి రావచ్చు.

ఒడి కంటె పెట్టె మేలు

కుందేలును ఒడిలో కూర్చోబెట్టుకొని తీసుకుపోతామని పిల్లలు మారాము చేయడం సహజం. ఇక్కడ కొంచెం గణితం అవసరం. ఎక్స్‌ప్రెస్ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 22 మీటర్లు. ప్రమాదవశాత్తు కారు సెకనులో పదవ వంతు కాలంలో ఆగిపోయిందనుకుందాం. అప్పటి రుణత్వరణం భూమ్యాకర్షణకు ఇరవై రెండు రెట్లు దాటుతుంది. రెండు కిలోల కుందేలును పట్టి ఆపడానికి ఆ క్షణంలో సుమారు 45 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. రెండు బియ్యం మూటలను ఒక్కసారిగా చేతులతో ఆపగల పదేళ్ల పిల్లవాడు లేడు. ప్రమాదం దాకా పోనవసరం లేదు. పక్కనుండి లారీ హారను మోగితే చాలు. సుమారు 40 వేల హెర్ట్జ్‌ల దాకా, మన చెవికి అందే దానికి రెండింతల ధ్వనులను వినగల జంతువు అది. ఒడిలోనుండి ఒక్క గెంతు గెంతి డ్రైవరు కాలికింద, బ్రేకు పెడలు పక్కకు దూరితే కారులోని వారందరికీ ముప్పు.

మరొక సంగతి. పిల్లి శరీరపు బరువులో ఎముకల వాటా నూటికి 12, 13 వంతులుంటే కుందేలులో అది 7, 8 వంతులే. వెనుకకాళ్ల కండరాలు మాత్రం బహుబలిష్ఠం. గట్టిగా పట్టుకున్నపుడు అది వెనుకకాళ్లు ఆధారం లేకుండా విదిలిస్తే ఆ బలానికి దాని నడుము ఎముకే విరిగిపోవచ్చు. చెవులు పట్టి ఎత్తడం నాటుపద్ధతి, తప్పు పద్ధతి కూడా. ఒక చేయి ఛాతీ కింద, ఒక చేయి వెనుకభాగం కింద పెట్టి, ఒంటికి ఆనించుకొని ఎత్తాలి.

పెట్టె గట్టి ప్లాస్టిక్‌దై, గాలి సందులు చాలినన్ని ఉండి, పైనుండి తెరవగలిగినదైతే మంచిది. అట్టపెట్టె పనికిరాదు, గమ్యం చేరేలోపల దానిని కొరికి బయటపడగల పళ్లు కుందేలుకు ఉన్నాయి. నున్నని ప్లాస్టిక్ మీద కాలు జారకుండా అడుగున మందపాటి తువ్వాలు పరచాలి. ఆ తువ్వాలు ఉతికినది కాకుండా దాని పాత పక్కబట్టే అయితే ఇంకా మేలు. సొంత వాసన దానికి సొంత ఇల్లు. పెట్టెను ముందు సీటు వెనుక నేలమీద కదలకుండా ఇరికించి గాని, వెనుక సీటుపై బెల్టుతో బిగించి గాని ఉంచాలి. సామాను డిక్కీలో ఎన్నడూ పెట్టరాదు. రెండు కుందేళ్లు జోడుగా పెరిగినవైతే వాటిని విడదీయక ఒకే పెట్టెలో తీసుకుపోవాలి; ఒకదాని ఒంటికి ఒకటి ఆనుకొని ఉంటే భయం తగ్గుతుంది. కొత్తగా తెచ్చిన రెండింటిని మాత్రం కలపరాదు, కొట్లాడుకుంటాయి.

బయలుదేరే రోజుననే పెట్టెను మొదటిసారి బయటికి తీస్తే కుందేలు దానిని వలగానే భావిస్తుంది. వారం పది రోజులు ముందుగానే ఆ పెట్టెను తలుపు తెరచి హాలులో ఒక మూల ఉంచి, అందులో గడ్డి వేస్తూ ఉంటే తానే లోనికి పోయి కూర్చుంటుంది. బొరియజీవికి చీకటి సందు భయం కాదు, ఊరట. ఆ తరువాత ఒకరోజు పెట్టెతో లిఫ్టులో కిందికి దింపి పైకి తేవడం, మరొకరోజు కదలని కారులో కాసేపు కూర్చోబెట్టడం, ఇంకొకరోజు పేటచుట్టూ ఒక చుట్టు తిప్పడం. ఇంత ఓపిక అందరికీ ఉండదనుకున్నా, మొదటిది చేయడానికి ఖర్చూ లేదు, శ్రమా లేదు.

ఉదయం ఎండ ముదరకముందో, చీకటిపడిన తరువాతో ప్రయాణం పెట్టుకోవాలి. పెట్టెను కారులో ఉంచడానికి పది నిమిషాల ముందే ఏసీ వేసి కారును చల్లబరచాలి. అయితే గాలి నేరుగా పెట్టెలోకి కొట్టకూడదు. ఎండ పడే వైపు కిటికీకి తెర కట్టాలి. ముక్కుతో తప్ప ఊపిరి పీల్చని ఈ జంతువుకు కారులో వేలాడదీసే సువాసన సీసాలు, ముందుపలకపై వేంకటేశ్వరస్వామి పటానికి వెలిగించిన అగరువత్తులు, కర్పూరం శ్వాసకు ఇబ్బంది కలిగిస్తాయి. ఆ ఒక్క పూటకు స్వామికి నమస్కారం మాత్రమే సమర్పిస్తే ఆయన తప్పు పట్టడు. సినిమా పాటలు కూడా ఆ పూటకు కట్టిపెట్టవలసినవే.

సరిహద్దులు, సూదిమందులు

2020లో సింగపూరు కుందేళ్లను ఒక కొత్త ఆపద తాకింది. కుందేళ్ల రక్తస్రావ వ్యాధి మొట్టమొదటిసారిగా ఇక్కడ బయటపడింది. 1984లో చైనాలో తొలిసారి గుర్తింపబడిన ఈ వైరస్ వ్యాధి మనుషులకు అంటదు. కాని కుందేలును ఒకటి రెండు రోజులలోనే, కొన్నిసార్లు ముందుసూచన ఏదీ లేకుండానే చంపగలదు. దీనికి చికిత్స లేదు, టీకా ఉన్నది. వైరస్ బట్టలమీద, చెప్పులమీద, పెట్టెలమీద, గడ్డిమీద కూడా నిలిచి ఉండి ప్రయాణం చేస్తుంది. కనుక అనేక కుందేళ్లు చేరే వసతిగృహానికి పంపేముందు టీకా వేయించడం, రక్షణ ఏర్పడడానికి వ్యవధి ఇచ్చి ప్రయాణం పెట్టుకోవడం అవసరం. టీకా అడగకుండా ఏ కుందేలునైనా చేర్చుకునే చోటు కంటె, టీకా పత్రం చూపించమని సతాయించే చోటే నమ్మదగినది. అరువు తెచ్చిన పెట్టెను శుభ్రంగా కడిగి వాడాలి.

వారాంతంలో మలేషియాకు కారులో పోయే అలవాటున్న కుటుంబాలకు మరొక ఆలోచన రావచ్చు. 1924లో ప్రారంభమైన జోహోర్ వంతెన కట్ట పొడవు ఒక కిలోమీటరు పైచిలుకు మాత్రమే. ఆ కిలోమీటరు కుందేలుకు మరొక దేశం. అవతలికి పోవడానికి ఆ దేశపు అనుమతి, తిరిగి రావడానికి సింగపూరు జంతు, పశువైద్య సేవల విభాగపు దిగుమతి లైసెన్సు, ఆరోగ్య పత్రం కావాలి. సింగపూరు 1953 నుండి రేబిస్ లేని దేశం. ఆ పేరు నిలుపుకోవడానికి ఇక్కడి అధికారులు జంతువుల రాకపోకలపై ఎంతో జాగ్రత్త వహిస్తారు. ఇంతకు మించి, సెలవురోజున ఆ కట్టపై బారులుతీరిన కార్ల మధ్య గంటలకొద్దీ నిలిచిపోయే ప్రయాణం కుందేలుకు పెట్టదగినది కాదు.

ఉద్యోగం ముగిసి శాశ్వతంగా ఇండియాకు తిరిగిపోయే కుటుంబాలకు ఈ సమస్య ఇంకా బరువైనది. అక్కడికి స్థిరనివాసం మార్చుకొనేవారు తమ వెంట పెంపుడు జంతువులను తెచ్చుకునే నియమాలు కుక్కలను, పిల్లులను ఉద్దేశించినవి. కుందేలుకు ఆ దారి తెరచి లేదు. కుందేలు సరిగా పెరిగితే ఎనిమిది నుండి పన్నెండేళ్లు బతుకుతుంది. ఉద్యోగపు ఒప్పందాలు రెండు మూడేళ్లవి. ఈ రెండు అంకెలను కొనేముందే పక్కపక్కన పెట్టి చూసుకోవడం న్యాయం. ఇప్పటికే ఇంట ఉన్న కుందేలుకు కొత్త ఇల్లు వెదకవలసి వస్తే ఆ వెదకులాట సామాను కట్టే వారంలో కాక, నెలల ముందుగా మొదలుపెట్టాలి. హౌస్ రాబిట్ సొసైటీ ఆఫ్ సింగపూర్ వంటి స్వచ్ఛంద సంఘాలు ఈ విషయంలో సలహా ఇస్తాయి. పార్కులో విడిచిపెట్టడం ఇక్కడి చట్టం ప్రకారం నేరం. అది చట్టం మాట. పార్కులో విడిచిన తెల్లని ఇంటికుందేలుకు పాములు, కుక్కలు, ఎండ, ఏది ముందు ఎదురవుతుందన్నదే ప్రశ్న.

దింపిన తరువాత

చేరవలసిన చోటికి చేరగానే పెట్టెలోనుండి కుందేలును బయటికి లాగరాదు. నిశ్శబ్దమైన గదిలో పెట్టెను నేలమీద ఉంచి, తలుపు తెరచి, ముందు గడ్డి, నీరు పెట్టి దూరంగా జరగాలి. అది పది నిమిషాలకు రావచ్చు, గంటకు రావచ్చు. ఆశ్రయమిచ్చే మిత్రులకు అది రోజూ తినే గడ్డి, దాని పరిమాణం, పశువైద్యుని ఫోను నంబరు ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. తెలుగువారి ఇంట అతిథికి కొసరి కొసరి వడ్డించే అలవాటు గనుక, ఏవి పెట్టకూడదో కూడా అదే కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాయడం మంచిది.

ఆ రాత్రి చూడవలసినవి రెండు: తింటున్నదా, పెంటికలు వేస్తున్నదా. వీపు గూనిగా పెట్టి, కళ్లు సగం మూసి, పళ్లు గట్టిగా కొరుకుతూ ఒక మూల కూర్చున్న కుందేలు నిద్రపోవడం లేదు, నొప్పితో ఉన్నది. అటువంటపుడు తెల్లవారేవరకు ఆగకుండా రాత్రివేళ తెరచివుండే పశువైద్యశాలకు తీసుకుపోవాలి. ఆ చిరునామా ముందే తెలుసుకొని ఉండాలి.

చాంగీ విమానాశ్రయంలో సామాను అప్పగించి, బోర్డింగు పాసులు చేతపట్టుకొని కూర్చున్న కుటుంబానికి ఆ మిత్రుని ఇంటినుండి ఫోను వస్తుంది. పిల్లలు ఆతృతగా చెవులు పెడతారు. అవతలివారు చెప్పే వార్త ఇంగ్లీషులోనైనా తెలుగులోనైనా వినసొంపైనది కాదు. పెట్టె పక్కన నేలమీద బఠానీగింజలంతటి గుండ్రని పెంటికలు పది పన్నెండు కనబడ్డాయనీ, గడ్డి నమలుతున్న చప్పుడు పక్కగదిలోకి వినబడుతున్నదనీ వారు చెబుతారు. పిల్లలు చప్పట్లు కొడతారు. పక్క సీట్లలోని ప్రయాణికులకు కారణం తెలియదు.